రాగి గుంటలో కుంకుమ బొట్టు

నేను మెకానికల్ టెస్టింగ్ విభాగానికి చార్జి తీసుకున్నది ఒక జూన్ ఒకటో తారీఖున. అప్పటికి నా రిటైర్‌మెంటుకి ఇంకా ఆరేళ్ళుంది. సంస్థ పేరు చెప్పను. కలకత్తాకి దక్షిణపు కొసన, బడ్జ్ బడ్జ్ లోకల్ రైళ్ళు పోయే పట్టాల పక్కన, లోహాల మీద పరిశోధన చేసే ఒక సంస్థ అంటే చాలు. నా హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసరు. బయటివాళ్ళకి ఇది పెద్ద మాటలా వినిపిస్తుంది గాని లోపల సంగతి వేరు. సైంటిస్టులు లోహాన్ని కరిగించి, పోసి, నమూనాలు చేసి మాకు పంపుతారు. మేము వాటిని యంత్రంలో బిగించి, లాగి, విరగ్గొట్టి, ఎంత బలానికి సాగిందో, ఎంతకి తెగిందో గీత గీసి ఇస్తాం. ఎందుకు తెగిందో చెప్పే అధికారం మాకు లేదు. కమిటీ మీటింగుల్లో మాకు కుర్చీ ఉంటుంది, ఓటు ఉండదు.

నేను లిలువాలో పుట్టినవాణ్ణి. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, ఇంట్లో "ఏటి, ఎందుకెల్లీసినావు" అనే మా ఉత్తరాంధ్ర తెలుగు. ఆఫీసులో అందరికీ నేను రావుదా, అంటే రావన్న. ఈ పని గురించి తెలుసుకోవాలని కొందరు కుర్రవాళ్ళు అడిగితే ఒక ఉదంతం చెబుతున్నాను. ఇందులో ఎవరికీ మేలు జరగలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు హాయి.

నేను చార్జి తీసుకునేసరికి పైడమ్మ అక్కడ పరిశోధక విద్యార్థిని. తండ్రి ఓడరేవు డాకుల్లో బరువులెత్తే క్రేను వించి నడిపేవాడు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబం, రేవుకి దగ్గర్లో ఏక్‌బాల్‌పూర్‌లో రెండు గదుల ఇల్లు. మొదటిసారి నా గదికి వచ్చి ఇంగ్లీషులో ఏదో మొదలెట్టింది. "ఏటమ్మా, మీదే ఊరు?" అన్నాను. "అయ్యబాబోయ్, మనోళ్ళా!" అని అడక్కుండానే కుర్చీలో కూలబడింది. ఆ రోజు నుంచి మా యంత్రం దగ్గర తెలుగే. ఆమెకి కావలసింది ఒక్కటే, డాక్టరేటు. అది వస్తే సైంటిస్టు పోస్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ గడువు లోపల రాకపోతే వయసు దాటిపోతుంది, మళ్ళీ మొదలుపెట్టే దారి ఉండదు. ఇది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు, ఆమె గైడు సన్యాల్ గారికీ తెలుసు. సన్యాల్ గారు మంచివారు, చదువుకున్నవారు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేనివారు.

ఆమె పని హై ఎంట్రపీ మిశ్రలోహాల మీద. మామూలు మిశ్రలోహంలో ఒక లోహం ఇంటి యజమాని, మిగతావి అద్దెకున్నవాళ్ళు. ఉక్కులో ఇనుము యజమాని. ఈ కొత్తరకంలో యజమాని లేడు. ఇనుము, నికెల్, కోబాల్ట్, క్రోమియం, మాంగనీసు, ఐదూ సమపాళ్ళలో కలుపుతారు. ఏ అణువు పక్కన ఏ అణువు ఉంటుందో చెప్పలేనంత కలగాపులగం. ఆ కలగాపులగానికి శాస్త్రంలో పెట్టిన పేరే ఎంట్రపీ.

లోహం ఎలా సాగుతుందో చెప్పాలంటే నేను మన కలకత్తా బస్సుని తెచ్చుకుంటాను. నిలబడేందుకు చోటు లేని బస్సులో కండక్టరు "పెఛోనేర్ దికే ఎగియే జాన్" అని అరుస్తాడు, వెనక వైపుకి ముందుకు నడవండి అని. జనమంతా ఒక్కసారి కదలరు. ఒకడు అడుగు జరుగుతాడు, వాడు వదిలిన సందులోకి ఇంకొకడు, అలా ఆ సందు బస్సు పొడవునా పోతుంది. లోహంలో అణువుల వరసలు జరిగేదీ అలాగే. పోయే ఆ సందుని డిస్లొకేషన్ అంటాం. బస్సులో అందరూ ఒకే ఒడ్డూ పొడుగూ అయితే సందు సులువుగా సాగిపోతుంది. ఒకడు లావు, ఒకడు సన్నం, ఒకడి భుజాన సంచీ అయితే అడుగడుక్కీ ఇరుక్కుంటుంది. ఐదు రకాల అణువులున్న లోహం గట్టిగా ఉండడానికి ఒక కారణం అదే.

ఇంకో కారణం చలిలో బయటపడుతుంది. చాలా రకాల ఉక్కుని ద్రవ నైట్రోజన్‌లో ముంచి లాగితే గాజులా పుటుక్కుమంటుంది. ఈ ఐదు లోహాల మిశ్రమం అలా కాదు. గడ్డకట్టే చలిలో దాన్ని లాగినకొద్దీ లోపల అణువుల పొరలు కట్టకట్టలుగా ఒరిగి, అద్దంలో బొమ్మలా తిరగబడి కూర్చుంటాయి. వాటిని ట్విన్లు అంటాం. ఒక్కొక్క ట్విన్ అంచూ డిస్లొకేషన్లకి ఒక గోడ. లాగేకొద్దీ గోడలు పెరుగుతాయి, ఒకచోట సన్నబడి తెగిపోకుండా ఒళ్ళంతా సమానంగా సాగుతుంది. బలమూ పెరుగుతుంది, సాగుడూ పెరుగుతుంది. లోహాల్లో ఈ రెండూ కలిసి రావడం అరుదు. ఈ గుణాన్ని ఇంకా పెంచే దారి వెతకడం పైడమ్మ పరిశోధన. కలిపే పాళ్ళు మార్చి మార్చి చూసింది. ఏ మార్పుకీ గీత పైకి లేవలేదు. ప్రతి నమూనా విరిగాక తెర వైపు చూసి "మల్లీ అంతే" అనేది.

లోహం పోసే పద్ధతి కూడా చెప్పాలి. ఆర్క్ ఫర్నేసులో నీళ్ళతో చల్లబరిచే ఒక రాగి పలక ఉంటుంది, దానిమీద గిన్నెల్లాంటి గుంటలు. లోహం ముక్కలు గుంటల్లో పేర్చి, ఫర్నేసు లోపలి గాలి తోడేసి, ఆర్గాన్ వాయువు నింపుతారు. మిగిలిన ఆక్సిజన్‌ని పీల్చుకోవడానికి ముందుగా పక్క గుంటలో టైటానియం ముద్ద కరిగిస్తారు. అప్పుడు ఆర్క్ అనే కరెంటు మెరుపుతో అసలు లోహాన్ని కరిగిస్తారు. చల్లారాక బొత్తాం ఆకారంలో ముద్ద వస్తుంది, దాన్నే బటన్ అంటాం. రాగికి ఆనుకున్న అడుగు భాగం సరిగా కరగదు కనక బటన్‌ని తిరగేసి మళ్ళీ కరిగించాలి, అలా చాలాసార్లు. ప్రతి పోతకీ ముందు గుంటల్ని గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడవాలి. ఇది గోడమీద రాసిపెట్టి ఉండే నియమం.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు కలకత్తాలో యంత్రం ఏదీ తిరగదు. ఆకాశం నిండా గాలిపటాలు, మా వర్క్‌షాపులో కిచిడీ. మా బెంగాలీ సహోద్యోగులు యంత్రాలు కడిగి, దండలు వేసి, బయటి రేకు మీద సిందూరం దిద్దుతారు. నా లాగుడు యంత్రానికి నేనూ దిద్దాను. ఆర్క్ ఫర్నేసు వంతు పైడమ్మది. ఆమె ఏం చేసిందో ఆ రోజు నేను చూడలేదు, ఎవరూ చూడలేదు.

పూజ తర్వాత పోసిన బటన్లు నా దగ్గరికి నమూనాలై వచ్చాయి. ద్రవ నైట్రోజన్‌లో ముంచి లాగడం మొదలుపెట్టాను. రైలు పోయినప్పుడు నేల అదిరి గీత వణుకుతుంది కనక, మేము బండి దాటిపోయాకే పరీక్ష మొదలుపెట్టడం ఆనవాయితీ. గీత లేచింది. లేస్తూనే ఉంది. మామూలుగా ఆ లోహం తెగే చోటు దాటి, ఇంకా పైకి, ఇంకా పక్కకి, అంటే బలమూ పెరుగుతోంది, సాగుడూ పెరుగుతోంది. పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సారూ, ఆపీయకండి, ఆపీయకండి" అంటోంది, నేనేదో ఆపేస్తున్నట్టు. ఆఖరికి తెగింది. ఇంకో నమూనా లాగాం, అదే గీత. ఇంకోటి, అదే. సన్యాల్ గారు వచ్చి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆ సాయంత్రం ఆయన అందరికీ సందేష్ మిఠాయి తెప్పించారు. నా ఉద్యోగంలో నేను చూసిన అతి పెద్ద సంతోషం అదే. దానికి ఫలితం ఏమిటో తర్వాత చూశాం.

ఫలితాన్ని పత్రికకి పంపారు. వాళ్ళు మళ్ళీ ఒకసారి పోసి చూపించమన్నారు, అది న్యాయమే. సన్యాల్ గారు రాగి పలక మసిబారి ఉందని చూసి, కొత్త పోతకి ముందు శుభ్రంగా రుద్దించారు. అవే పాళ్ళు, అదే పద్ధతి. గీత మామూలు చోటే పడిపోయింది. మళ్ళీ పోశారు. మళ్ళీ అంతే. నెలలు గడిచాయి, పైడమ్మ మొహం పీక్కుపోయింది. మొదట నా యంత్రం మీద అనుమానం వచ్చింది. రైలు అదురు అన్నారు. నేను యంత్రాన్ని ప్రమాణ బరువులతో సరిచూసి చూపించాను. దాంతో అనుమానం యంత్రం దిగి మనిషి మీదికి ఎక్కింది. అంకెలు వండిందా అన్న మాట క్యాంటీన్‌లో పుట్టి, వరండాల వెంట నడిచి, పరిశోధనల కమిటీ అధ్యక్షుడి గది దాకా వెళ్ళింది. నమూనాలు లాగింది నేను, గీత నా యంత్రం గీసింది. ఆ మాట ఎందరికో చెప్పాను. "ఆప్నారా తో దేశేర్ లోక్" అన్నాడొకడు నవ్వుతూ, మీరూ మీరూ ఒక ఊరివాళ్ళు కదా అని. నాకు ఒళ్ళు మండిపోయింది.

మళ్ళీ సెప్టెంబరు వచ్చింది. పూజనాడు పైడమ్మ నా గది గుమ్మంలో నిలబడింది. చేతిలో చిన్న కుంకుమ భరిణె.

"సారూ, నానే సేసినాను" అంది.

విషయం ఇది. వాళ్ళ నాన్న డాకులో బొట్టు పెట్టేది క్రేను ఒంటికి కాదు, హుక్కుకి. బరువు మోసేది హుక్కు కనక. వాళ్ళింట్లో పద్ధతి, పని ఎక్కడ జరుగుతుందో అక్కడే బొట్టు. అందుకని ఆమె కిందటి పూజకి ఫర్నేసు తలుపు తీసి, రాగి గుంటల అడుగున, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క బొట్టు పెట్టింది. బజారు సిందూరం కాదు. ఇంట్లో పసుపూ సున్నంతో చేసిన కుంకుమ, నువ్వులనూనెతో చిక్కగా తడిపి. మర్నాడు అసిటోన్‌తో తుడవాలి. "తుడిసీడానికి సెయ్యి రాలేదు సారూ. దేవుడి బొట్టు తుడవకూడదు, దానంతటది పోవాల అంటాది మాయమ్మ. అన్నిసార్లు ఓడిపోయున్నాను కదా, భయవేసింది." బొట్టు మీదే లోహం పేర్చింది. మళ్ళీ పూజకి భరిణె తీసేదాకా అది ఆమెకి గుర్తే లేదు. దణ్ణం పెట్టుకోవడం ప్రయోగంలో ఒక మెట్టు అని ఎవరనుకుంటారు?

నేను కుర్చీలోంచి లేచాను. పసుపు, నూనె, రెండూ గాలి లేనిచోట మాడితే మిగిలేది బొగ్గు. అంటే కార్బన్. మొదటి కరుగులో అది రాగి వైపు, బటన్ అడుగుకి అంటుకుని ఉంటుంది. బటన్ తిరగేసినప్పుడు పైకి వచ్చి మెరుపు కింద లోహంలో కలిసి ఉంటుంది. కార్బన్ అణువు చిన్నది. పెద్ద అణువుల మధ్య సందుల్లో దూరి కూర్చుని డిస్లొకేషన్లకి అడ్డం పడుతుంది. కిక్కిరిసిన బస్సులో కాళ్ళ మధ్య పెట్టెలు పెట్టినట్టు. ఇనుములో కార్బన్ చేసే పని మనిషికి వేల ఏళ్ళుగా తెలుసు. ఈ ఐదు లోహాల్లో ఏం చేస్తుందో మా దగ్గర ఎవరూ చూడలేదు.

"ఏడవకమ్మా, నువ్వు చేసింది తప్పో కాదో ముందు కొలుద్దాం" అన్నాను. కొలవడమే కుదరలేదు. మా కార్బన్ కొలిచే యంత్రం ఎప్పట్నుంచో పాడై ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే ఐదు లోహాల పాళ్ళూ చక్కగా తెలుస్తాయి గాని, కార్బన్ అంత కొంచెం ఉంటే నమ్మకంగా తెలియదు. బయటి ప్రయోగశాలకి పంపాలంటే పరిశోధన విభాగాధిపతి సంతకం కావాలి. సంతకానికి కమిటీ ఒప్పుకోవాలి.

కమిటీ కూర్చుంది. స్కాలర్లు కమిటీ ముందు నిలబడే మాట్లాడాలి. పైడమ్మ నిలబడి, దాచకుండా, బొట్టు సంగతి మొత్తం చెప్పింది. ముందు రోజు సన్యాల్ గారు, అంత వివరం ఎందుకు, పొరపాటున మలినం కలిసిందని చెప్పు చాలు అన్నారట. ఆమె వినలేదు. ఆమె చెబుతుంటే ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. అధ్యక్షులు, పెద్ద పేరున్న మనిషి, కళ్ళద్దాల మీంచి చూసి, దేవుడి బొట్టుకి డాక్టరేటు ఇమ్మంటావా అని అడిగారు. పైడమ్మ బెంగాలీలో, మాట తడబడకుండా, ఎంత కలిసిందో కొలవనివ్వండి, ఈసారి కార్బన్ తూచి వేసి మళ్ళీ పోస్తాను అంది. నేను చెయ్యెత్తి, విరిగిన ముక్కలు నా బీరువాలో ఉన్నాయి, కార్బన్ పరీక్షకి పంపిస్తే సరిపోతుంది కదా అన్నాను. టెస్టింగ్ విభాగాన్ని అభిప్రాయం అడగలేదు అన్నారు అధ్యక్షులు. మలినం కలిసిన నమూనా ఫలితం చెల్లదు, దాన్ని థీసిస్‌లోంచి తీసెయ్యాలి అని తీర్మానం రాశారు. చెల్లని ఫలితానికి బయటి పరీక్ష ఎందుకు? ఆ వాదన కాగితం మీద ఎంత చక్కగా ఉందో చూడండి.

ఆ ఫలితం తీసేస్తే థీసిస్‌లో మిగిలింది అందరికీ తెలిసిన సంగతులే. గడువు పొడిగించమని పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది. ప్రాజెక్టు మూసేశారు, ఫర్నేసు ఇంకొకరికి ఇచ్చారు. సన్యాల్ గారు వరండాలో నన్ను ఆపి "కీ కొర్బో బోలున్, రావుదా" అన్నారు. ఏం చెయ్యమంటారు చెప్పండి అని. నేను పక్కకి తప్పుకుని నా గదికి నడిచాను. పైడమ్మ చివరి రోజున నా గదికి వచ్చి, యంత్రం మీద చెయ్యి వేసి దణ్ణం పెట్టుకుని, "ఎల్తాను సారూ" అంది. ఈసారి బొట్టు పెట్టలేదు.

విరిగిన ముక్కలు మా బీరువాలోనే ఉన్నాయని నాకో ధైర్యం ఉండేది. ఎప్పటికైనా యంత్రం బాగుపడకపోతుందా, నేనే కొలిచి చూపించనా అనుకునేవాణ్ణి. తర్వాత నేను కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టిన రోజుల్లో, మూసేసిన ప్రాజెక్టుల నమూనాలన్నీ తుక్కుకి పంపమని ఉత్తర్వు వచ్చింది. మావాళ్ళు పంపేశారు. వాళ్ళు నియమం ప్రకారమే చేశారు, వాళ్ళని ఏమీ అనలేను. కట్టు విప్పి ఆఫీసుకి వెళ్ళాక నేను మొదట చూసింది ఆ ఖాళీ అర.

రిటైరయ్యాక ఒక సెమినారుకి పాత ఉద్యోగినని పిలిస్తే వెళ్ళాను. దక్షిణాది నుంచి వచ్చిన ఒక యువ ప్రొఫెసరు మాట్లాడుతున్నాడు. భోజనాల ముందు ఉపన్యాసం, నాకు కునుకు పడుతోంది. తెర మీద ఒక గీత వచ్చింది. నాకు మెలకువ వచ్చేసింది. తప్పిపోయిన మనిషి ఎదురుపడితే ఎలా గుర్తుపడతామో అలా గుర్తుపట్టాను. లేవడం, ఆగకుండా లేవడం, ఆ చివరి వంపు. ఐదు లోహాల మిశ్రమంలో మేం కావాలనే కొంచెం కార్బన్ తూచి కలిపాం, చలిలో బలమూ సాగుడూ రెండూ పెరిగాయి అని చెబుతున్నాడు. ఇలాంటిది చాలాచోట్ల చేస్తున్నారట. ముందు వరసలో మా పాత అధ్యక్షులు కూర్చుని ఉన్నారు. అందరికన్నా ముందు ఆయనే చప్పట్లు కొట్టారు. ఆయనకి ఏమీ గుర్తులేదు. గుర్తుండి కొట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మర్నాడే ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. పైడమ్మ డాకుకి వచ్చే సరుకుల కాగితాలు చూసే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తోంది. నన్ను చూసి సంబరపడింది, ఇంటికి తీసుకెళ్ళింది, వాళ్ళమ్మ చేత టీ పెట్టించింది. నేను మంచి వార్త మోసుకొచ్చిన పోస్టుమాన్‌లా చెప్పుకుపోయాను. నువ్వు తప్పు చెయ్యలేదమ్మా, నీ గీత నిజం గీత అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఆళ్ళు ఎంత కార్బన్ ఏసినారు సారూ?" అంది. చెప్పాను. మనసులో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

"ఎందుకు సెప్పినారు సారూ?" అంది చివరికి. గొంతులో కోపం లేదు. "నాను తప్పు సేసినానని, తప్పుకి ఫలితం అనుభవించినానని, సర్దుకోని బతుకుతున్నాను. తప్పు సేసినోళ్ళకి ఏదో ఒకలాగ నిద్దర పడతాది. మరిప్పుడు నానేటి సెయ్యాల?"

టీ సగంలోనే వదిలి లేచి వచ్చేశాను. ఆ తర్వాత నేను ఆ ఇంటికి వెళ్ళలేదు. ఆమె రమ్మనలేదు.

వృత్తిపరంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బలం కుంకుమ వల్లే వచ్చిందని నేను ఈనాటికీ రుజువు చెయ్యలేను. గీతలు ఒకేలా ఉన్నంత మాత్రాన కారణం ఒకటే కానక్కర్లేదు. ముక్కలు తుక్కులో పోయాయి, తేల్చే దారి మూసుకుపోయింది. లోహపు పరీక్షల్లో ఉన్న కుర్రవాళ్ళు దీన్నుంచి తీసుకోవలసింది ఇంతే. ఎవరైనా "మలినం" అన్నప్పుడు "ఎంత?" అని అడగండి, జవాబు వచ్చేదాకా ఫలితాన్ని కొట్టెయ్యకండి. ఆ రోజు కమిటీ గదిలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళం ఇద్దరం. ఒకరికి ఓటు లేదు, ఒకరికి కుర్చీ లేదు.